ఎండితే అంటుకుపోయేది ముందు: తిత్లీ తుపానులో తడిసిన ఒక ట్రంకు పెట్టె

శ్రీకాకుళంలో పాత పుస్తకాలు, ఫోటోలు, దస్తావేజులు బాగుచేయడం నా పని. బైండింగ్ మా ఇంటి వృత్తి. తడిసిన కాగితాలను కాపాడే పని మాత్రం తర్వాత నేర్చుకున్నాను. ఇది 2018 అక్టోబరు నాటి కేసు. ఇందులో నేను ఒక తప్పు చేశాను, దానివల్ల కొన్ని వస్తువులు శాశ్వతంగా పోయాయి. క్రికెట్ కార్డులు, పోస్టర్లు, మ్యాచ్ టికెట్లు, సంతకాలు ప్రాణంగా దాచుకునేవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు. వాళ్ల ఇళ్లన్నీ తుపాను దారిలోనే ఉన్నాయి. నా తప్పు ఇంకొకరు చేయకూడదనే రాస్తున్నాను. యజమాని అనుమతి తీసుకున్నాను. ఆయన పేరు, ఊరు, ఉద్యోగం చెప్పను. ఉద్దానం వైపు మనిషి అంటే చాలు.

పెట్టెలో ఏముంది

ఆయనకు అప్పటికి నలభై దాటాయి. స్కూల్లో చదివే రోజుల్లో బిగ్ ఫన్ బబుల్‌గమ్ కొంటే క్రికెటర్ బొమ్మ, దాని మీద ఇన్ని పరుగులు, ఇన్ని వికెట్లు అని వచ్చేది. ఆయన దాచడం మొదలైంది అక్కడే. తర్వాత డబ్ల్యూడబ్ల్యూఎఫ్ రెజ్లర్ల ట్రంప్ కార్డులు రెండు సెట్లు. ఆ తర్వాత స్పోర్ట్‌స్టార్ పత్రిక నడిమి పేజీల పోస్టర్లు. కొత్త సంచికకు డబ్బుల్లేనప్పుడు పాత కాగితాల కొట్టుకెళ్లి, పోస్టర్ చింపని సంచికలు ఏరి తెచ్చుకునేవారట. అలా నూట నలభై దాకా పోగయ్యాయి. 1999 ప్రపంచకప్పు సమయంలో బ్రిటానియా బిస్కెట్ రేపర్ల మీది పాయింట్లు వంద కూడబెట్టి తెచ్చుకున్న చిన్న పుస్తకం కూడా ఉంది. పెళ్లయి కొడుకు పుట్టాక వాడితో కలిసి టాప్స్ వాళ్ల క్రికెట్ అటాక్స్ ఐపీఎల్ కార్డులు కూడబెట్టారు. అవి మూడు వందల నలభై. తండ్రీకొడుకులు నంబర్ల వారీగా లిస్టు రాసుకుని, లేనివాటి పక్కన చుక్క పెట్టుకున్నారు.

రెండు టికెట్లు ఉన్నాయి. ఒకటి 1996 ఫిబ్రవరి 23న విశాఖలో ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో ఆస్ట్రేలియా, కెన్యా ఆడిన ప్రపంచకప్పు మ్యాచ్‌ది. మార్క్ వా 130, స్టీవ్ వా 82, ఇద్దరూ కలిసి మూడో వికెట్‌కి 207 పరుగులు చేసిన మ్యాచ్ అది. రెండోది 2005 ఏప్రిల్ 5న మధురవాడ స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 123 బంతుల్లో 148 కొట్టిన రోజుది. అది ధోనీకి తొలి వన్డే సెంచరీ. మొదటి టికెట్‌ని మామూలుగా జేబు డైరీలో దాచారు. రెండోదాన్ని ఆ వారమే జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించి, మూలన చిల్లు పొడిచి తాడు కట్టారు. ఈ తేడా గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

వీటన్నిటికన్నా ఆయన ఎక్కువ చూసుకునేది ఒక ఆటోగ్రాఫ్ పుస్తకం. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు పుట్టిన ప్రాంతం మనది, ఇక్కడ బరువులెత్తే ఆటకు ఉన్న గౌరవం వేరు. కుర్రతనంలో పోటీలు ఎక్కడ జరిగితే అక్కడికి సైకిల్ మీద వెళ్లి, జిల్లా వెయిట్‌లిఫ్టర్ల సంతకాలు తీసుకున్నారు. అందులో చాలామంది పేరు ఏ పుస్తకంలోనూ దొరకదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి గారి సంతకం ఒక పేజీలో ఉంది. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000 సెప్టెంబరు 19న ఆమె 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన వార్త కత్తిరించి దానికి ఎదురు పేజీలో అతికించారు.

నా దగ్గరికి ఎలా వచ్చింది

తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఆయనది పెంకుటిల్లు. పెంకులు లేచిపోయి, గోడవారగా ఉన్న ట్రంకు పెట్టెలోకి వాన దిగింది. పెట్టె సగం నీళ్లు. మర్నాడు ఎండ కాసింది. పై సగంలో ఉన్నవి, అంటే ఎనభై దాకా పోస్టర్లు, ఒక ట్రంప్ కార్డుల సెట్టు, బబుల్‌గమ్ బొమ్మలు తీసి వాకిట్లో నులక మంచం మీద ఆరబెట్టారు. మిగతావి తీసేలోగా పైకప్పు పని, పడిపోయిన కొబ్బరి చెట్లు, తాగే నీళ్ల కోసం పరుగు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. అడుగు సగాన్ని అలాగే నీళ్లతో సహా మూత ఉన్న పెయింట్ బకెట్లోకి దించేశారు. పెట్టె తుప్పు పట్టిపోతుందనే భయంతో చేసిన పని అది. తరువాత చూస్తే, మొత్తం కేసులో అన్నిటికన్నా మేలు చేసింది అదే.

14న ఆయన, వాళ్లమ్మ గారు టెక్కలి దాకా ఎవరి బండి మీదో వచ్చి, అక్కడ బస్సెక్కి నా దగ్గరికి వచ్చారు. ఒక గోనెసంచి, ఒక బకెట్, చంకలో తువ్వాలుతో చుట్టిన ఆటోగ్రాఫ్ పుస్తకం. గోనెసంచిలోంచి పోస్టర్లు తీస్తే అట్టముక్కలా ఒక్క దిమ్మ వచ్చింది. ఎండలో పెట్టకుండా ఉండాల్సింది అని నోరు జారాను. పెద్దావిడ నా మొహం చూసి, “తడిసినదాన్ని ఎండలో ఎయ్యకపోతే ఏటి సేస్తాం బాబూ?” అన్నారు. ఆ మాట సరైనదే. వడ్లు, బట్టలు, మామూలు పుస్తకం, ఏది తడిసినా మనం చేసేది అదే. ఈ కాగితం వేరని వాళ్లకెవరూ చెప్పలేదు.

ఎందుకు వేరు? ప్రెస్సువాళ్లు ఆర్ట్ పేపర్ అనే నున్నటి కాగితం మీద సన్నటి సుద్దమట్టి పూత, దాన్ని పట్టి ఉంచే బంక ఉంటాయి. రంగులు అంత మెరవడం ఆ పూత వల్లే. తడిసినప్పుడు ఆ బంక మెత్తబడుతుంది. ఒకదాని మీద ఒకటి ఉండగా ఎండిందా, రెండు పూతలూ కలిసిపోయి ఒకే పొర అవుతాయి. తడిగా ఉన్నంతసేపూ విడదీయవచ్చు. ఆరిన తర్వాత దాదాపు అసాధ్యం. ఇలాంటి కాగితాన్ని తడిసిన ఆరు గంటల్లోపే విడదీసి ఆరబెట్టడమో, గడ్డకట్టించడమో చేయాలని మా పనిలో చెబుతారు. మామూలు కాగితానికి ఆ తొందర లేదు, దానికి ఉన్న గడువు బూజుది. మన వాతావరణంలో అది రెండు రోజులు.

నా తప్పు

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఆ మధ్యాహ్నం తప్పు చేశాను.

ఆయన కళ్లనీళ్లతో అడిగింది ఆటోగ్రాఫ్ పుస్తకం గురించి. “మాస్టారూ, మిగతావి పోయినా పర్లేదు, ఇది చూడండి” అన్నారు. నేనూ అదే ముందు పట్టుకున్నాను. బకెట్‌లో నీళ్లు వంపేసి, పోస్టర్లూ కార్డులూ కట్టలు కట్టలుగా బల్ల మీద పెట్టి, కాస్త నీరోడితే విడదీయడం తేలికవుతుందని ఫ్యాన్ వేశాను. నాలుగు గంటలు పుస్తకం మీద కూర్చున్నాను. సాయంత్రం బల్ల దగ్గరికి వచ్చేసరికి పై కట్ట అంచులన్నీ ఆరి అతుక్కున్నాయి. మూడు రోజులు బకెట్ నీళ్లలో క్షేమంగా ఉన్నవాటిని నాలుగు గంటల ఫ్యాన్ గాలికి నేనే పాడుచేశాను. అరవై తడి పోస్టర్లలో పదకొండు అలా పోయాయి.

ఆ నాలుగు గంటలూ పుస్తకానికి నిజంగా అవసరమా? కాదు. అది పూత లేని మామూలు కాగితం. నీళ్లకు కరిగే సిరా అప్పటికే కరిగిపోయింది, కరగనిది కరగదు. బూజు గడువు దాటినా, ఆ నాలుగు గంటలు ఆగడం వల్ల దానికి కొత్తగా జరిగే నష్టం పెద్దగా లేదు. యజమాని బాధ ఎక్కడుందో చూశాను తప్ప, గడువు దేనికి ముందు ముగుస్తుందో చూడలేదు.

ఐస్‌క్రీమ్ ఫ్రీజర్

సాయంత్రం తప్పు తెలిసాక లెక్క వేశాను. దాదాపు యాభై పోస్టర్లు, మూడు వందల నలభై అటాక్స్ కార్డులు, ఒక ట్రంప్ సెట్టు. నేనూ మా కుర్రాడూ కలిసి జాగ్రత్తగా చేస్తే రోజుకు నలభై. అంటే పది రోజులకు పైగా. అప్పటికే నాలుగో రోజు, రెండు కార్డుల మీద బూజు నూగు కనిపిస్తోంది. మళ్లీ నీళ్లలో ముంచి ఉంచితే అతుక్కోవు కానీ కార్డు అట్ట పొరలు విడిపోవడం మొదలవుతుంది. ఆరనివ్వకూడదు, నాననివ్వకూడదు, బూజు పట్టనివ్వకూడదు. ఈ మూడూ ఒకేసారి ఆపగలిగేది గడ్డకట్టించడం ఒక్కటే. చలికి బూజు చావదు, కానీ పెరగదు.

తెలిసిన చేపల వ్యాపారి ఫ్రీజర్ దగ్గర్లోనే ఉంది. వద్దనుకున్నాను. వాసన సంగతి అటుంచి, ఆ తలుపు రోజుకు యాభై సార్లు తెరుస్తారు. కొంచెం కరగడం, మళ్లీ గడ్డకట్టడం జరిగితే మంచు పలుకులు పెరిగి కాగితం నారను చీలుస్తాయి. టౌన్లో ఒక ఐస్‌క్రీమ్ ఏజెన్సీ ఆయన్ని అడిగాను. వానల రోజులు కాబట్టి ఒక డీప్ ఫ్రీజర్ ఖాళీగా ఉంది. కరెంటు కూడా టౌన్లో నిలకడగానే ఉంది. విషయం చెప్పగానే తాళంచెవి చేతిలో పెట్టారు. డబ్బు తీసుకోలేదు.

వేలెడు మందం మించకుండా చిన్న కట్టలు చేశాను. కట్టకీ కట్టకీ మధ్య బటర్ పేపర్, పైన జిప్ కవర్, కవర్ లోపల పెన్సిల్‌తో నంబరు రాసిన చీటీ. పెన్ను వాడితే తడికి కారుతుంది. రాత్రి పదకొండుకి అన్నీ మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలిలోకి వెళ్లాయి. ఒక్క మాట, పాతకాలపు గాజు నెగెటివ్‌లను మాత్రం ఇలా ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

తర్వాత మూడు వారాలు రోజుకొక కట్ట తెచ్చాను. పూర్తిగా కరగకముందే, ఇంకా చల్లగా ఉండగా, చదునైన ట్రేలో చల్లటి మంచినీళ్లు పోసి అందులో ఉంచాలి. ఓహెచ్‌పీ షీట్‌ను, అంటే పాత ప్రొజెక్టర్లకు వాడే పారదర్శక ప్లాస్టిక్ షీట్‌ను, పోస్ట్‌కార్డంత ముక్క కోసి, మూల గుండ్రంగా కత్తిరించి, రెండు కార్డుల మధ్యకి నెమ్మదిగా జరపాలి. గోరు, బ్లేడు పనికిరావు. కదలకపోతే బలవంతం చేయకుండా ఇంకో పది నిమిషాలు నీళ్లలో వదలాలి. పోస్టర్ల విషయంలో తడి కాగితం తన బరువుకే చిరుగుతుంది. అందుకని దోమతెర గుడ్డ ముక్క కిందికి తోసి, దానితో సహా పైకెత్తాము. బొమ్మ పైకి ఉండేలా, తడి పీల్చే బ్లాటింగ్ పేపర్ మీద పరిచి, ఫ్యాన్ గోడవైపు తిప్పి గాలి గదిలో ఆడేలా చూశాము. ఎండ లేదు, ఇస్త్రీ లేదు. చేతికి తడి తగలకుండా, చల్లదనం మాత్రం తెలిసే దశలో కొత్త బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి, పైన చెక్క, దాని మీద బరువు. బ్లాటింగ్ పేపరు మొదటి వారం రోజూ మార్చాము.

మిగిలిన నలభై తొమ్మిది పోస్టర్లలో నలభై ఆరు విడిగా వచ్చాయి. అటాక్స్ కార్డుల్లో మూడు వందల పన్నెండు. మెరుపు రేకు ఉన్న ప్రత్యేక కార్డులే ఎక్కువ దెబ్బతిన్నాయి, వాటి రేకు అంచుల దగ్గర లేచిపోయింది. తడి ట్రంప్ సెట్టు మొత్తం దక్కింది. కార్డులు కాస్త అలలు తిరిగి ఉన్నాయి, బరువు కింద రెండు నెలలు పెట్టినా పూర్తిగా పోలేదు.

ఎండిన దిమ్మ

ఎండలో ఆరిన ఎనభై పోస్టర్లను వదిలేయడానికి మనసొప్పలేదు. పెద్ద టబ్బులో తడిగుడ్డ, దాని పైన జాలీ, జాలీ మీద దిమ్మ, పైన మూత. ఒక రోజంతా ఆవిరి తేమలో ఉంచి, ఓహెచ్‌పీ ముక్కతో మూల ఎత్తాను. కపిల్ దేవ్ బౌలింగ్ పోస్టర్ అది. పైకి వచ్చింది కాగితం మాత్రమే. దాని పూత, దానితో పాటు సగం మొహం కింద పోస్టర్‌కే ఉండిపోయింది. తేమ చాలలేదేమోనని మూలలో ఇంకొకదాన్ని చల్లటి నీళ్లలో నానబెట్టి చూశాను. అదే జరిగింది. మూడోది ఇంకా నెమ్మదిగా, రెండు రోజులు తీసుకుని చేశాను. అదీ అంతే. అక్కడ ఆపేశాను.

ఆపడానికి కారణం ఉంది. దిమ్మగా ఉంటే లోపల డెబ్బై ఏడు బొమ్మలు ఉన్నట్టే లెక్క, చూడలేకపోయినా. నేను విడదీస్తూ పోతే ఏదీ మిగలదు. నా దగ్గరున్న పద్ధతులకు ఇది లొంగదని ఆయనకు చెప్పాను. అంచులకు బటర్ పేపర్ చుట్టి, అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాను. బబుల్‌గమ్ బొమ్మల్ని మంచం మీద విడివిడిగా పరచడం వల్ల రంగు వెలిసినా దక్కాయి. వాటిని పరిచింది పెద్దావిడే.

సంతకాలు, టికెట్లు

మల్లీశ్వరి గారి సంతకం బాల్‌పెన్నుతో చేసినది. ఆ సిరా నూనెతో తయారవుతుంది కాబట్టి గీత కూడా చెదరలేదు. ఎదుటి పేజీలోని న్యూస్‌ప్రింట్ కాగితం పసుపెక్కి, రెండుచోట్ల చిరిగింది కానీ దేనికీ అంటుకోలేదు. పాత వెయిట్‌లిఫ్టర్ల సంతకాలు మాత్రం హీరో పెన్నుతో, రాయల్ బ్లూ సిరాతో చేసినవి. ఆ సిరా నీళ్లకు ఆగదు. పద్నాలుగు పేజీలు లేతనీలం మరకలయ్యాయి. బ్లూబ్లాక్‌తో చేసిన రెండు సంతకాలు చదవడానికి మిగిలాయి. ఇనుము కలిసిన సిరా అయితే అలా కొంత నిలబడుతుంది.

ఆయన ఒక కొత్త పెన్ను తెచ్చి, గుర్తున్నంత వరకు మరకల మీద దిద్దుతానన్నారు. ఆ కోరిక నాకు అర్థమైంది, అయినా ఒప్పుకోలేదు. దిద్దిన క్షణం నుంచి అది ఆయన రాత, వాళ్ల సంతకం కాదు. ఆ పుస్తకంలో చెదరని సంతకాలను కూడా రేపు ఎవరైనా అనుమానిస్తారు. దాని బదులు ఒక మధ్యాహ్నం ఇద్దరం కూర్చున్నాము. పేజీ నంబరు, ఆటగాడి పేరు, ఊరు, ఏ పోటీలో, సుమారు ఏ ఏడు, ఆ రోజు ఎవరితో వెళ్లారు, ఇవన్నీ ఆయన చెబుతుంటే విడి కాగితం మీద పెన్సిల్‌తో రాశాను. పద్నాలుగులో పదమూడు పేర్లు ఆయనకు నోటికే వచ్చు. ఆ కాగితం ఇప్పుడు పుస్తకంతో పాటే ఉంటుంది. ఈ పని తుపానుకు ముందే చేసి ఉంటే, ఫోన్లో ప్రతి పేజీ ఫోటో తీసి ఉంటే అనిపించింది. నా దగ్గరికి ఏ సేకరణ వచ్చినా ఇప్పుడు మొదటి రోజే ఇది చేయిస్తున్నాను.

టికెట్ల సంగతి చాలామందికి నమ్మబుద్ధి కాదు. డైరీలో ఊరికే పెట్టిన 1996 టికెట్ రెండు రోజుల్లో బ్లాటింగ్ పేపర్ మధ్య ఆరిపోయింది, మడత దగ్గర చిన్న మరక తప్ప నష్టం లేదు. భద్రంగా లామినేషన్ చేసిన 2005 టికెట్‌కే బూజు పట్టింది. మూలన పొడిచిన చిల్లులోంచి నీరు లోపలికి దిగింది, బయటికి వచ్చే దారి లేదు. లామినేషన్‌లో వేడికి కరిగిన జిగురు కాగితంలోకి ఇంకిపోతుంది. ఊడదీస్తే అచ్చు ప్లాస్టిక్‌తోనే వస్తుంది. ఊడదీయకుండా, చిల్లు వైపు ఇప్పటికే విడిపోయిన అంచును, కాగితం తగలకుండా ప్లాస్టిక్ వరకే సర్జికల్ బ్లేడుతో కోసి గాలికి దారి ఇచ్చాను. తేమ పీల్చే సిలికాజెల్ వేసిన డబ్బాలో మూడు వారాలు ఉంచాను. గోధుమరంగు మచ్చ అలాగే ఉంది, పెరగడం ఆగింది. సీటు నంబరు చదవడానికి వస్తుంది.

ఈ మధ్యలో ఆయన బావమరిది ఫోన్ చేసి, దక్కిన కార్డులను అమెరికాలో గ్రేడింగ్‌కి పంపితే ధర వస్తుందా అని అడిగారు. పీఎస్ఏ లాంటి సంస్థలు మూలలు, అంచులు, పైతలం, అచ్చు మధ్యలో పడిందా లేదా చూసి పది వరకు మార్కులు వేస్తాయి. నీళ్లలో నాని అల తిరిగిన కార్డుకు అందులో అట్టడుగు మార్కులే. పంపే ఖర్చు కూడా రాదని చెప్పాను. నేను చదునుగా నొక్కి కొత్తదానిలా చేయగలనా అని కూడా అడిగారు. తడిసిన సంగతి దాచి అమ్మే పని నేను చేయను.

తిరిగి పెట్టడం

కార్డులు మళ్లీ పాత ఆల్బమ్‌లో పెట్టలేదు. కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే ఆ జేబుల షీట్ పీవీసీ అని అనుమానం. ఒక ఖాళీ ముక్క తీసుకుని, ఆరుబయట రాగి తీగను ఎర్రగా కాల్చి దానికి తాకించి మళ్లీ మంటలో పెట్టాను. మంట ఆకుపచ్చగా వెలిగింది, అంటే నా అనుమానం నిజమే. పీవీసీలో మెత్తదనం కోసం కలిపే నూనె కాలక్రమంలో బయటికొచ్చి కార్డుకి అంటుతుంది. దాని బదులు పాలీప్రొపిలీన్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ షీట్లు తెప్పించాము. ట్రంకు పెట్టెకు బదులు బిగుతు మూత ఉన్న రెండు ప్లాస్టిక్ డబ్బాలు, ఒకరు మోయగలిగే బరువులో. ఒక డబ్బాలో ఆర్ట్ పేపర్ జాతి మొత్తం, అంటే పోస్టర్లు, కార్డులు. రెండోదాంట్లో మామూలు కాగితం. డబ్బా మూత లోపల పెద్ద అక్షరాలతో రాసి అతికించాను: మొదటి డబ్బా తడిస్తే ఆరబెట్టవద్దు, మంచినీళ్లలోనే ఉంచి వెంటనే ఫ్రీజర్‌కి చేర్చాలి. రెండోది తడిస్తే నీడలో, ఫ్యాన్ గాలికి, విడివిడిగా.

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఆ సాయంత్రం ఆరింటికి ఆయన ఫోన్ చేశారు. గాలి హోరులో మాట సరిగా వినిపించలేదు. డబ్బాలు రెండూ పక్కింటి స్లాబు ఇంట్లోకి చేర్చామని, కొడుకు ఒక్కడే మోశాడని చెప్పారు. పోస్టర్ల దిమ్మ ఉన్న అట్టపెట్టె కూడా తీసుకెళ్లారా అని అడిగాను.

“అది మా అమ్మ ఒళ్లోనే ఉంది మాస్టారూ” అన్నారు.